ఆరు నెలలు నిండకుండా: వాషింగ్టన్ ఇంట్లోంచి వెళ్లిపోయిన ఓనా జడ్జ్

ఫిలడెల్ఫియా వెళ్లిన మనవాళ్లెవరూ లిబర్టీ బెల్ చూడకుండా తిరిగిరారు. ఆ గంట ఉన్న భవనం పక్కనే, ఆరో వీధి మార్కెట్ వీధి కలిసే చోట, పైకప్పు లేని ఇటుక గోడలు కొన్ని కనిపిస్తాయి. చాలామంది క్యూ ఎక్కడుందో వెతుక్కుంటూ వాటిని దాటి వెళ్లిపోతారు. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న పదేళ్లూ అమెరికా అధ్యక్షుడు కాపురమున్న ఇల్లు అక్కడే ఉండేది. అక్కడ బానిసత్వం గురించి చెప్పే బోర్డుల్ని 2026 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ తీయించేసింది, నగరం కోర్టుకెక్కింది, ఫిబ్రవరిలో జడ్జి వాటిని తిరిగి పెట్టమన్నారు. ఇంతకీ ఏముంది వాటిలో?

జార్జ్ వాషింగ్టన్ ఆ ఇంట్లో పనికి పెట్టుకున్న తొమ్మిది మంది బానిసల కథ ఉంది. అందులో ఒకరు ఓనా జడ్జ్.

ఓనా 1773 ప్రాంతంలో వర్జీనియాలోని మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో పుట్టింది. తల్లి బెట్టీ కుట్టుపని చేసే బానిస, తండ్రి ఆండ్రూ జడ్జ్ ఇంగ్లండ్ నుంచి ఒప్పందం మీద వచ్చిన తెల్ల దర్జీ. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే, అదీ అక్కడి చట్టం. ఇంకో మెలిక కూడా ఉంది. ఓనా వాషింగ్టన్ సొంత ఆస్తి కాదు, ఆయన భార్య మార్తా మొదటి భర్త కస్టిస్ ఎస్టేట్‌కి చెందినది. మార్తాకి ఉన్నది జీవితకాలం అనుభవించే హక్కు మాత్రమే, ఆమె పోయాక ఆ మనుషులంతా కస్టిస్ వారసులకి పంచాల్సిందే. అంటే ఓనా తప్పించుకుంటే వాషింగ్టన్ ఆ ఎస్టేట్‌కి లెక్క చెప్పుకోవాలి.

1790లో రాజధాని ఫిలడెల్ఫియాకి మారినప్పుడు మార్తాకి బట్టలు కుట్టి, జుట్టు దువ్వి, ముస్తాబు చేసే మనిషిగా ఓనా కూడా వచ్చింది. అయితే పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని క్రమంగా ఎత్తేసే చట్టం చేసింది. బయటి రాష్ట్రం యజమాని తన బానిసని అక్కడ ఆరు నెలలు ఏకబిగిన ఉంచితే ఆ బానిస స్వేచ్ఛ అడగొచ్చు. అటార్నీ జనరల్ రాండాల్ఫ్ ఇంట్లోని బానిసలు ఈ చట్టాన్ని పట్టుకుని స్వేచ్ఛ కోరారని తెలిశాక వాషింగ్టన్ ఇంట్లో టెన్షన్ మొదలైంది. 1791 ఏప్రిల్ 12న ఆయన తన కార్యదర్శి టోబియాస్ లియర్‌కి ఉత్తరం రాశాడు: వాళ్లనీ ప్రజల్నీ కూడా మోసపుచ్చగల ఏదో ఒక సాకుతో ఆ పని జరగాలని. ఆ పని ఏమిటంటే, ఆరు నెలలు నిండకుండానే బానిసల్ని రాష్ట్రం దాటించి, మళ్లీ తీసుకురావడం. అలా అయితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. డెలవేర్ నది దాటితే న్యూజెర్సీయే, రెండు రోజుల ప్రయాణం చాలు. నిజానికి ఇలా తిప్పడాన్ని పెన్సిల్వేనియా 1788లోనే నిషేధించింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ఆ బోర్డుల మీది కథ ఈ కాలం వాళ్లు ఎవరో వాషింగ్టన్ మీద మోపిన నింద కాదు. ఆయన స్వయంగా రాసిన ఉత్తరాల్లో ఉంది.

1796లో మార్తా మనవరాలు ఎలైజాకి పెళ్లయింది. తనని ఆ అమ్మాయికి ఇచ్చేస్తారని ఓనాకి తెలిసింది. పెళ్లికొడుకు థామస్ లా, ఈస్టిండియా కంపెనీ కొలువులో గయలో కలెక్టరుగా చేసి అమెరికా చేరిన ఆంగ్లేయుడు, శాశ్వత శిస్తు పద్ధతిని గట్టిగా వాదించినవాళ్లలో ఒకడు. ఆ పద్ధతే 1802 నుంచి మన సర్కారు జిల్లాల జమీందారీల్లోకీ వచ్చింది. సరే, కథలోకొద్దాం. వాషింగ్టన్ కుటుంబం వర్జీనియా వెళ్లడానికి సామాన్లు సర్దుకుంటుంటే తానూ సర్దుకున్నానని, ఎక్కడికో మాత్రం తెలియదని, ఊళ్లోని నల్లజాతి స్నేహితుల ఇళ్లకి తన బట్టలు ముందే చేరవేశానని ఆమె ముసలితనంలో చెప్పింది. మే 21న వాషింగ్టన్ దంపతులు భోజనానికి కూర్చున్నప్పుడు ఇంట్లోంచి బయటికి నడిచింది.

రెండు మూడు రోజుల్లో పత్రికలో ప్రకటన పడింది. లేత రంగు పిల్ల, ముఖం నిండా చిన్న చిన్న మచ్చలు, బాగా నల్లని కళ్లు, ఒత్తైన జుట్టు, సన్నని మనిషి, ఇరవై ఏళ్లుంటాయి, మంచి బట్టలు చాలా ఉన్నాయి. పట్టిస్తే పది డాలర్లు. వెళ్లిపోవడానికి ఏ కారణమూ లేదని కూడా అందులో రాశారు.

అప్పటికి ఆమె నాన్సీ అనే ఓడ ఎక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరుతోంది. కెప్టెన్ పేరు బోల్స్. అతను చనిపోయేదాకా ఆ పేరు ఓనా ఎవరికీ చెప్పలేదు. ఆ ఊళ్లో సెనేటర్ లాంగ్డన్ కూతురు ఆమెని గుర్తుపట్టింది. కబురు వాషింగ్టన్‌కి చేరింది. పారిపోయిన బానిసల్ని వెనక్కి తెచ్చుకునే చట్టం మీద 1793లో సంతకం పెట్టింది ఆయనే, ఆ దారిలో అయితే జడ్జి ముందుకి వెళ్లాలి. ఆయన మాత్రం ఆర్థిక మంత్రి వోల్కాట్ ద్వారా అక్కడి కస్టమ్స్ అధికారి విపుల్‌కి పని అప్పజెప్పాడు. విపుల్ ఓనాతో మాట్లాడాడు. వాషింగ్టన్ దంపతులు తాము పోయాక తనకి విడుదల ఇస్తామని మాటిస్తే తిరిగి వస్తానంది ఆమె. వాషింగ్టన్ ఒప్పుకోలేదు, అలాంటి బేరానికి దిగడం నమ్మకద్రోహానికి బహుమతి ఇచ్చినట్టేనని జవాబు రాశాడు. 1799లో మార్తా మేనల్లుడు బసెట్ వచ్చాడు. ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలనే వచ్చాడు. ఆ సంగతి లాంగ్డన్ ఆమెకి ముందే కబురంపాడు. నావికుడైన భర్త జాక్ స్టెయిన్స్ సముద్రం మీద ఉన్నాడు. ఓనా పక్క ఊరు గ్రీన్‌లాండ్‌కి పారిపోయింది.

ఆ డిసెంబర్‌లో వాషింగ్టన్ పోయాడు. తన సొంత బానిసల్ని విడుదల చేస్తూ వీలునామా రాశాడు, కస్టిస్ బానిసలకి అది వర్తించలేదు. ఓనా ఆ తర్వాత 48 ఏళ్లు బతికింది. చదవడం నేర్చుకుంది, పేదరికంలో ఉంది, ఇద్దరు కూతుళ్లని పోగొట్టుకుంది. వెళ్లిపోయినందుకు బాధపడ్డావా అని అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది. 1848 ఫిబ్రవరి 25న చనిపోయేనాటికీ చట్టం దృష్టిలో ఆమె పారిపోయిన బానిసే. ఆమె కన్న ముగ్గురు పిల్లలూ, తండ్రి బానిస కాకపోయినా, కస్టిస్‌ల ఆస్తే.

ఎలైజా ఇంటికి ఓనా బదులు ఆమె చెల్లెలు డెల్ఫీని పంపారు. డెల్ఫీకి 1807లో థామస్ లా విడుదల పత్రం రాసిచ్చాడు.