హలీం బట్టీ దగ్గర అడిగిన ప్రశ్న

చిన్నూ, బుజ్జీ,

మొన్న రంజాన్‌లో హలీం బట్టీ ముందు నిలబడి, ఇద్దరు మనుషులు చెక్క రోకళ్లతో మాంసం మెదుపుతుంటే చూసి, "తాతయ్యా, మీ ల్యాబ్‌లో కూడా మాంసం నూరేవాళ్లట కదా, తినడానికి కాకపోతే ఎందుకూ?" అని అడిగావు చిన్నూ. ఆ గోలలో చెప్పలేకపోయాను.

ఒంట్లో ప్రతి కణంలోనూ రాత్రీపగలూ వంట జరుగుతుంటుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు ఒకటి ఇంకోటిగా మారుతుంటాయి. ఈ సరుకులనే మెటబొలైట్లు అంటారు. ఎలుక కాలేయంలో చిటికెడు ముక్క తీసుకుని, ఏ సరుకు ఎంత ఉందో తేల్చడం మా పని.

తంటా ఏమిటంటే ముక్క కోసి తీసినా లోపలి వంట ఆగదు. ఆక్సిజన్ అందదు కదా, లాక్టిక్ ఆమ్లం పెరిగిపోతుంది, శక్తినిచ్చే ఏటీపీ సెకన్లలోనే తరుగుతుంది. అందుకే కోసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పడేయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ముక్కలు కోసి బల్ల మీద పెట్టాక చూసుకున్నాను, నైట్రోజన్ క్యాన్ ఖాళీ. తెచ్చేసరికి పది నిమిషాలు. ఆ రోజు లెక్కలన్నీ చెత్తబుట్టలోకే. మా నాయనమ్మ అయితే అలా చేసేది కాదు, పొయ్యి మీద ఎసరు పెట్టాకే మొక్కజొన్న పొత్తులు విరుచుకురమ్మని నన్ను చేనికి తరిమేది. కోసిన పొత్తులో చక్కెర పిండిగా మారిపోతుందని నేను చదువుకుని తెలుసుకున్నాను, ఆవిడ నాలుకకు ఎప్పుడో తెలుసు.

భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా ఇలాంటి తొందరపాటు సరుకునే పట్టుకున్నారు. కండలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అది. ఆమ్లం తగిలితే విరిగిపోతుంది, అందుకే అంతకుముందు వాళ్ల కంటికి ఆనలేదు. ఆయనా, తోటి శాస్త్రవేత్త ఫిస్కే గారూ కలిసి 1927లో దాన్ని బయటపెట్టారు.

సరే, హలీంకే వద్దాం. గడ్డకట్టిన ముక్కను పొగలు కక్కే చలిలోనే పొడి చేసి, చల్లటి మిథనాల్, క్లోరోఫాం, నీళ్లు పోసి గిలక్కొట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతాం. రెండు పొరలు తేరుకుంటాయి, మధ్యలో ప్రోటీన్ల తెల్లటి రేకు. పై పొరలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు. హలీం మీద నెయ్యి తేలినట్టు కొవ్వులు పైకి రావాలి కదా అంటావు. రావు! కొవ్వును తనలో కలుపుకునే క్లోరోఫాం నీళ్లకన్నా బరువు, కొవ్వును కూడా అడుక్కి పట్టుకుపోతుంది. ఇక్కడ నా హలీం పోలిక చేతులెత్తేసింది.

ఇన్ని గిన్నెలు మారేటప్పుడు కొంత ఒలికిపోతుంది, కొంత అంటుకుపోతుంది. అందుకని మొదట్లోనే లెక్కపెట్టి పది జీడిపప్పులు వేశామనుకో, చివర ఎనిమిదే దొరికితే మిగతా సరుకులూ అంతే పోయాయని సరిచేసుకోవచ్చు. మా జీడిపప్పు ఏమిటంటే, కొంచెం బరువెక్కువున్న కార్బన్‌తో చేసిన అదే పదార్థం. అణువుల్ని తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని వేరుగా గుర్తుపడుతుంది. వచ్చిన లెక్కను ముక్క బరువుతో భాగిస్తాం. ఆ యంత్రం ఎలా తూస్తుందో నన్నడగొద్దు, అంతంత చిన్నవాటిని తూచడమేమిటని నాకింకా ఆశ్చర్యమే.

బుజ్జీ, మూత ఉన్న గాజు సీసాలో సగం నీళ్లు, కాస్త నూనె, చిటికెడు పసుపు వేసి బాగా కుదుపు. అమ్మ చీరకు దూరంగా. కాసేపు కదపకుండా ఉంచి, పసుపు రంగు ఏ పొరకు ఎక్కిందో చూసి రాత్రి నాకు ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య
తార్నాక