బోసినోటి వైస్

చిన్నూ, బుజ్జీ,

పిచ్చుక గూటికి కోసిన చెక్క మీద గళ్లు గళ్లుగా గాట్లెందుకు పడ్డాయని అడిగారు కదా. మీరు దాన్ని బిగించింది ఇనుప పనికి వాడే వైస్‌లో. వైస్ అంటే వస్తువును రెండు దవడల మధ్య కదలకుండా బిగించి పట్టే పనిముట్టు. ఇనుము జారకుండా దాని దవడలకు పళ్లు పెడతారు. మామిడి చెక్క ఆ కొరుకుడికి తట్టుకోలేదు.

చెరుకుగడ తలుచుకోండి. మీరు కొరికితే గాటు పడుతుంది, బోసినోటి తాత ఎంత అదిమినా పడదు. వడ్రంగి వైస్‌దీ బోసినోరే. నున్నటి ఇనుప దవడలకు లోపలివైపు 18 మి.మీ. చెక్కలు తొడుగుతారు. స్క్రూల తలలు ఆ చెక్కలోకి పూర్తిగా దిగిపోవాలి. రెండు చెక్కలూ కలిసి 36 మి.మీ. నోరు తగ్గిస్తాయి, కొనేటప్పుడే ఆ లెక్క చూసుకోండి.

చెరుకును ఒక్క కుడివైపే పెట్టి కొరికితే దవడ వంకరపోతుందా, లేదా? వైస్‌లో దవడను బిగించే మర, అంటే పెద్ద స్క్రూ, మధ్యలో ఉంటుంది. చెక్కను ఒక చివరే బిగిస్తే ముందు దవడ వాలుతుంది, పట్టు జారుతుంది. రెండో చివర అంతే మందమున్న ముక్క పెట్టండి. పెదాల్లాగే మంచి వైస్‌లో దవడల పై అంచులే ముందు కలుస్తాయి, కింద సన్నని సందుంటుంది. బిగించేకొద్దీ ఆ సందు మూసుకుని దవడ మొత్తం ఆనుకుంటుంది. నోటి సంగతి ఇక చాలు, మీ అమ్మ నవ్వుతుంది.

సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ బజారుకు వెళ్తే 7 అంగుళాల దవడది అడగండి. 9 అంగుళాలది మీ పలచటి బల్లకు మోయలేని బరువు. దవడల రెండు చివర్లా పై అంచున కాగితం ముక్కలు పెట్టి బిగించి లాగండి. ఒకటి ఊడొచ్చి, ఇంకొకటి రాకపోతే ఆ వైస్ వద్దు.

బిగించే చోటు బల్ల ముందంచున, దాని ఎడమ కాలి దగ్గర. బుజ్జిది ఎడమచేతి వాటం కాబట్టి, తనకైతే కుడివైపు. ఇనుప అంచు బల్ల మట్టానికి 10 మి.మీ. కిందుండాలి, తొడుగు చెక్కలు మాత్రం మట్టానికి సమంగా రావాలి. లేదంటే చిత్రిక ఉలి ఇనుముకు తగిలి పదును పోతుంది. వెనక దవడ చెక్క బల్ల అంచుతో ఒకే వరసలో ఉంటే పొడవాటి పలక ఆ అంచు పొడుగునా ఆనుతుంది. ఉత్త స్క్రూలు అదురుకు వదులవుతాయి, బల్లలోంచి బోల్టులు దించి వెడల్పాటి వాషర్లు వేయించండి.

చేతి బలం చాలు. పిడికి గొట్టం తొడిగి తిప్పితే పోత ఇనుము పగులుతుంది. వానాకాలంలో మర తుప్పు పడుతుంది. ముందు బ్రష్షుతో పొట్టు దులిపి, ఆ తర్వాతే ఒక చుక్క నూనె వేయండి. పొట్టు మీద వేస్తే జిగురైపోతుంది.

కోసే గీత దవడకు అంగుళం లోపే ఉండాలి. దూరమైతే చెక్క వణికి రంపం కీచుమంటుంది.

మీ వీధిలో తలుపులు చేసే వడ్రంగి నేల మీద కూర్చుని, వైసే లేకుండా పాదాలతో చెక్కను పట్టి ఉంచుతాడు. మీరు ఆ పని చేయకండి గానీ వెళ్లి చూడండి. బొటనవేలు ఎక్కడ పెడుతున్నాడో నాకు రాయండి.

మీ తాతయ్య,
హైదరాబాద్