పాండిచ్చేరి ఫొటోలు ఎందుకు లేవంటే

చిట్టీ, బుజ్జిగా,

నిన్న ఫోన్లో పాండిచ్చేరి ఫొటోలు పంపమని ఒకటే గొడవ చేశారు కదా, నేనేమో నెట్ స్లోగా ఉందని తప్పించుకున్నాను, అసలు సంగతి ఏంటంటే మేం పాండిచ్చేరి వెళ్లనే లేదు. ఇది ఫోన్లో చెప్తే మీ అమ్మ మధ్యలో దూరి క్లాస్ పీకుతుంది, అందుకే ఉత్తరం.

పొద్దున్నే నేనూ మీ పెద్దమ్మమ్మా పట్టుచీరలు కట్టుకుని చెన్నై నుంచి పాండిచ్చేరిలో గృహప్రవేశానికి బయల్దేరామా, చెంగల్పట్టు దాటి పాలారు బ్రిడ్జి కూడా దాటాక బస్సు ముందునుంచి పొగ. ఇంకో బస్సు వస్తుంది ఓ గంట ఆగండి అన్నాడు కండక్టరు. మీ పెద్దమ్మమ్మ సంగతి తెలుసుగా, "గంటసేపు రోడ్డు మీద నిలబడ్డానికా నేను రాజమండ్రి నుంచి వచ్చింది" అని, ఎదురుగా వేడంతాంగళ్ బోర్డు మీద కొంగ బొమ్మ కనిపిస్తే షేర్ ఆటో ఎక్కేసింది. నేను వెనకాల సంచి పట్టుకుని పరుగు. డ్రైవరుకి నేను నా నలభై ఏళ్ల తమిళంలో దారి అడుగుతుంటే అతను నవ్వి "తెలుగా పాటీ? మా ఇంట్లో కూడా తెలుగే" అన్నాడు, పాటీ అంటే తమిళంలో అమ్మమ్మ. ఆ పక్క ఊళ్లలో అలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు.

వేడంతాంగళ్ అంటే మీరు జూలాంటిదేదో అనుకుంటారేమో, కాదు, అదొక ఊరి చెరువు అంతే. చెరువు మధ్యలో నడుము లోతు నీళ్లలో చెట్లు నిలబడి ఉంటాయి, నీర్ కడంబు అంటారు, ఆ చెట్ల నిండా ఆకుల కంటే పిట్టలే ఎక్కువ. గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు, నీటి కాకులు. వాసన కూడా బాగానే వస్తుంది, ముందే చెప్తున్నా. నాకు నచ్చింది మాత్రం నత్తగుల్ల కొంగ. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఆ ముక్కుతోనే నత్తల్ని పట్టి లోపలి మాంసం లాగేస్తుంది. తమాషా ఏంటంటే పిల్లకొంగకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాక వస్తుంది. మన బుజ్జిగాడి పళ్ల సందుకి సరిగ్గా ఉల్టా అన్నమాట.

ఇప్పుడు చెరువు సంగతి. మీ హైదరాబాదులో జూన్‌లో మొదలయ్యే వానలే ముఖ్యం కదా, ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవి ముఖ్యం, అందుకే సంక్రాంతికి చెరువులు నిండుగా ఉంటాయి, పిట్టలు కూడా అప్పుడే వచ్చి గూళ్లు పెడతాయి. నేల పడమటి నుంచి సముద్రం వైపు కొంచెం కొంచెంగా వాలి ఉంటుంది, ఆ వాలుకి అడ్డంగా చంద్రవంకలాగా మట్టికట్ట వేస్తే చాలు చెరువైపోతుంది. కట్టలో తూము ఉంటుంది, అది తీస్తే కింద పొలాలకి నీళ్లు. చెరువు నిండిపోతే కట్ట తెగకుండా అలుగు మీంచి పొంగి కింది చెరువులోకి పోతాయి, అక్కడినుంచి ఇంకో దాంట్లోకి, గొలుసుకట్టు అంటారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఇక పిట్టల రెట్టలు ఆ నీళ్లలోనే పడి వరికి ఎరువైపోతాయి, అందుకే ఊళ్లోవాళ్లు ఎప్పట్నుంచో వాటిని కాపాడుకుంటున్నారు, ఎవరో వచ్చి తుపాకీతో కాలుస్తుంటే కలెక్టరు దగ్గరికి వెళ్లి 1798లో కాగితం రాయించుకున్నారట. ఆ కలెక్టరు పేరు లయోనెల్ ప్లేస్. పక్కనే మధురాంతకంలో చెరువు కట్ట తెగబోతుంటే రాత్రి రామలక్ష్మణులు బాణాలు పట్టుకుని కాపలా కాయడం చూశాడని కథ చెప్తారే, ఆ దొర కూడా ఈయనే. అక్కడి రాముడికి ఏరి కాత్త రామర్ అని పేరు, చెరువుని కాచిన రాముడని.

చెరువు గట్టు మీద ఒకావిడ తేగలు అమ్ముతోంది. తాటిపండు తినేశాక టెంకల్ని ఇసుకలో పాతిపెడితే మొలక పైకి రాకుండా కిందికి దిగి ఊరుతుంది, మూడు నెలలయ్యాక తవ్వితే అదే తేగ. మన గోదావరి పక్క కుండలో పెట్టి కాలుస్తాం, ఇక్కడేమో ఉప్పూ పసుపూ వేసి ఉడకబెడతారు, మీ పెద్దమ్మమ్మ "పసుపేంటే, కూరా ఏమన్నానా" అని తిట్టుకుంటూనే నాలుగు లాగించింది. మధ్యకి చీలిస్తే లోపల పల్చగా తెల్లగా ఉంటుంది చూడండి, దాన్నే చందమామ అంటారు, చిన్నప్పుడు దానికోసం మేమిద్దరం జుట్లు పట్టుకున్నాం, ఈసారి నాకే ఇచ్చింది. డెబ్బై రెండేళ్లకి బుద్ధొచ్చింది.

ఆవిడే చెప్పింది, ఉత్తిరమేరూరు బస్సు వస్తోంది, గుళ్లో గోడల మీద రాతలు చూడమని. వైకుంఠపెరుమాళ్ గుడి. చేత్తో తడిమితే రాతిలో అక్షరాలు గరుగ్గా తగిలాయి, పరాంతక చోళుడి కాలంవి, 919, 921 నాటివి. ఊరి కమిటీలని ఎలా ఎన్నుకోవాలో వాటిల్లో రాసుంది. ఊరిని ముప్పై వార్డులు చేసి, వార్డుకి కొన్ని పేర్లు తాటాకు మీద రాసి కుండలో వేసి, లోపలేముందో తెలియని చిన్నపిల్లాడి చేత తీయించేవాళ్లు. అలా ఎన్నికైనవాళ్ల కమిటీల్లో ఒకటి కేవలం చెరువుకే, ఏరి వారియం అని. మట్టి తీయించడం, గట్టు చూసుకోవడం వాళ్ల పని. లెక్కలు చూపించనివాడి పేరు కుండలో వెయ్యకూడదు, వాడి చుట్టాలవి కూడా వెయ్యకూడదు. ఇది మాత్రం నాకు భలే నచ్చింది, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో చదివి వినిపిద్దామనుకుంటున్నా. వయసు 35 దాటి 70 లోపు ఉండాలట, సొంత ఇల్లు, పొలం ఉండాలి, వేదం చదివుండాలి. ఈ లెక్కన మాలాంటి వాళ్ల పేర్లు ఆ కుండ చుట్టుపక్కలకి కూడా వెళ్లవు. మీ పెద్దమ్మమ్మ మాత్రం వయసు రూలు ఒక్కదానికే ఫీలయింది.

సాయంత్రం బస్సులో చెంగల్పట్టు, అక్కణ్ణుంచి లోకల్ ట్రైన్లో మాంబళం. దారంతా పట్టుచీర అంచులకి బురద, ఆ సంగతి అడక్కండి.

పాండిచ్చేరి వాళ్లకి ఫోన్ చేసి తనకి బీపీ వచ్చిందని అబద్ధం చెప్పింది మీ పెద్దమ్మమ్మే, నేను కాదు. వాళ్లు రోజూ ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నారు. ఎక్కడా నోరు జారకండి.

అమ్మమ్మ