తానున్న ప్రొఫైల్ ఏదో ఎక్స్‌టెన్షన్‌కు ఎందుకు తెలియదు

ఆఫీసు పనికి ఒక ప్రొఫైల్, సొంత పనులకు మరొకటి పెట్టుకుని క్రోమ్ వాడేవారు ఎందరో ఉన్నారు. అయితే వారి కోసం ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనపు సౌకర్యం జోడించే చిన్న ప్రోగ్రామ్) రాసేవారికి, అది ప్రస్తుతం ఏ ప్రొఫైల్‌లో నడుస్తోందో కోడ్ ద్వారా తెలుసుకునే నేరుదారి ఇప్పటికీ లేదు.

ఈ చిక్కు రెండు సౌకర్యాలు వచ్చిన వరుసక్రమంలోనే మొదలైంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు 2010 జనవరిలో అందరికీ అందుబాటులోకి రాగా, పలు ప్రొఫైళ్లు పెట్టుకునే సౌకర్యం 2011 డిసెంబరులో, 16వ వెర్షన్‌తో వచ్చింది. అప్పటి నుంచి కుకీలు, పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్ దాచుకునే డేటా ఏ ప్రొఫైల్‌వి ఆ ప్రొఫైల్‌కే పరిమితమయ్యాయి. ఎక్స్‌టెన్షన్‌ను గుర్తించే ఐడీ మాత్రం దాని పబ్లిక్ కీ (అందరికీ కనిపించే డిజిటల్ తాళంచెవి) నుంచి పుట్టే 32 అక్షరాల వరుస కాబట్టి అన్ని ప్రొఫైళ్లలోనూ ఒకటే.

డిస్క్‌లో ప్రొఫైళ్ల ఫోల్డర్లు 'డిఫాల్ట్', 'ప్రొఫైల్ 1', 'ప్రొఫైల్ 2' అన్న పేర్లతో ఉంటాయి. వాడుకరి తన ప్రొఫైల్‌కు 'ఆఫీసు' అని పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు; కొత్త పేరు 'లోకల్ స్టేట్' అనే ఫైల్లో నమోదవుతుంది. ఆ ఫైల్ చదివే ఏపీఐని, అంటే కోడ్ నుంచి పిలవగల సదుపాయాన్ని, క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకు ఇవ్వలేదు. నేటివ్ మెసేజింగ్ ద్వారా కంప్యూటర్‌లోని మరో ప్రోగ్రామ్‌ను పిలిచినా, క్రోమ్ దానికి అందించేది పిలిచిన ఎక్స్‌టెన్షన్ ఐడీతో కూడిన చిరునామానే తప్ప ప్రొఫైల్ పేరు కాదు. రెండు ప్రొఫైళ్ల నుంచి వచ్చిన పిలుపులు ఆ ప్రోగ్రామ్‌కు ఒకేలా కనిపిస్తాయి.

ఐడెంటిటీ ఏపీఐలోని 'గెట్‌ప్రొఫైల్‌యూజర్‌ఇన్ఫో' పేరు చూసి ఆశపడేవారు ఎక్కువ. అది చెప్పేది ప్రొఫైల్ గురించి కాదు, అందులో లాగిన్ అయిన గూగుల్ ఖాతా గురించి. ఖాతా లేకపోతే ఖాళీ జవాబే వస్తుంది. ఉంటే ఈమెయిల్ చదివే అనుమతి అడగాలి. నా అభ్యంతరం ఇక్కడే. ప్రొఫైల్ పేర్ల జాబితా బయటపెడితే ఇంట్లో ఆ కంప్యూటర్ వాడే మిగతావారి పేర్లు కూడా తెలిసిపోతాయి కనుక క్రోమ్ దాన్ని దాచడం సబబే. కానీ ఒక ప్రొఫైల్‌ను మరొక దాని నుంచి వేరుచేయడానికి పేరు, ఊరు అక్కర్లేని చిన్న గుర్తు చాలు. దానికోసం మనిషి ఈమెయిల్ అడిగే స్థితి రాకూడదు.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ప్రొఫైల్‌ను బట్టి మారే యాదృచ్ఛిక అంతర్గత చిరునామా ఉంటుంది. ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో వెబ్‌సైట్లు పసిగట్టకుండా చేసిన ఏర్పాటే అయినా, ప్రొఫైళ్లను వేరుచేయడానికీ అది పనికొస్తుంది.

క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ మొదటిసారి ఇన్‌స్టాల్ అయినప్పుడే ఒక యూయూఐడీ (మరెక్కడా పునరావృతం కాని యాదృచ్ఛిక గుర్తు) సృష్టించి, ఆ ప్రొఫైల్‌లోనే ఉండిపోయే 'స్టోరేజ్.లోకల్'లో దాచుకోవడం మేలు. 'స్టోరేజ్.సింక్'లో పెడితే అదే గుర్తు ఆ ఖాతా ఉన్న ఇతర కంప్యూటర్లకూ పాకుతుంది. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే గుర్తు పోతుంది, ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేస్తే రెండవుతుంది. ఇక తెరపై చూపే పేరును సెట్టింగుల పేజీలో వాడుకరినే ఒకసారి అడిగి రాయించుకోవాలి.