అడ్డాకుల మోపు, ఆవకాయ జాడీ

విశాఖపట్నం

చిరంజీవులు బుజ్జమ్మకీ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బొర్రా గుహల దగ్గర నెత్తిన అడ్డాకుల మోపుతో కొండ దిగుతున్న ఆవిణ్ణి చూసి, "అడవిలో ఆకులు కోస్తే తప్పు కాదా? ఎవరూ పట్టుకోరా?" అని అడిగావు చంటీ. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఈ ప్రశ్నకి చాలాకాలం తప్పు జవాబే చెప్పారు.

తప్పు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, అడవిని నమ్ముకుని బతికేవాళ్ళు తరతరాలుగా ఏరుకుంటున్న ఆకులూ, తేనే, ఉసిరీ, జిగురూ వాళ్ళవే. వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తమ అడవిని కాపాడుకునే హక్కూ, దాని బాగోగులు చూసుకునే హక్కూ ఆ ఊరివాళ్ళవేనని కూడా అదే చట్టం చెప్పింది. ఇన్నాళ్ళూ వాళ్ళకి జరిగింది 'చారిత్రక అన్యాయం' అని మొదట్లోనే ఒప్పుకుంది. సర్కారు కాగితంలో ఒప్పుకోలు అరుదురా, అందుకే ఆ మాట గుర్తుపెట్టుకోమంటున్నాను.

"మరైతే అడవిని కాపాడతామని పట్నం నుంచి వెళ్ళేవాళ్ళకి అక్కడేం పని?" అంది బుజ్జమ్మ.

ఇప్పుడు ఇంటింటా ఆవకాయ హడావిడి కదా, దాంతోనే చెబుతాను. ఆ రోజు అందరికీ పనుంటుంది. ఒకరు కాయలు తడి లేకుండా తుడుస్తారు, ఒకరు జీడీ పొరా తీస్తారు, మీ నాన్న నూనె కొని తెస్తాడు. కానీ ఉప్పెంతో, ఆవపిండెంతో చెప్పేది నాయనమ్మే. నూనెకి డబ్బులిచ్చాను కదా అని మీ నాన్న కలపడానికి కూర్చుంటే ఆ ఏడు మనకి ఆవకాయ ఉండదు. కొండ మీద నాయనమ్మ ఆ గూడెం. అటవీశాఖవాళ్ళూ, సంస్థలవాళ్ళూ, శాస్త్రవేత్తలూ కాయలు తుడిచేవాళ్ళూ, నూనె తెచ్చేవాళ్ళూ.

కాయ కొట్టకముందే నాయనమ్మని అడగాలి. పథకం అచ్చేయించుకుని సంతకానికి వెళ్ళడం అడగడం కాదు. అడగాల్సింది గ్రామసభని, అంటే గూడెంలో పెద్దవయసు వచ్చినవాళ్ళందరినీ. సగం మందికి తక్కువ కాకుండా రావాలి, వచ్చినవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఇది సర్పంచ్ ఒక్కడి సంతకంతో అయ్యే పని కాదు. సంత రోజునో, నాట్ల రోజుల్లోనో సభ పెడితే ఎవరూ రారు. కువి భాష మాట్లాడే ఊళ్ళో తెలుగు కాగితం చదివితే వచ్చినవాళ్ళు తలలూపుతారు, అర్థమై కాదు, మర్యాదకి. సంగతి చెప్పి వచ్చేయాలి. మనం లేనప్పుడు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలి. రెండు వారాలాగి మళ్ళీ వెళ్ళాలి. 'వద్దు' అన్నా అది జవాబే. మన పొరుగున ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని, సుప్రీంకోర్టు చెప్పాక 2013లో 12 గ్రామసభల్ని అడిగారు. పన్నెండూ వద్దన్నాయి.

ఆ తర్వాత హద్దులు నడవాలి. పెద్దవాళ్ళు ముందు నడుస్తుంటే, వెనక ఒకరు జీపీఎస్‌తో గెడ్డ, బండ, పెద్ద చెట్టు గుర్తులు నమోదు చేసుకుంటారు. పక్క గూడెంవాళ్ళని కూడా పిలవాలి. మరిచిపోతే పటం పూర్తయిన రోజే తగువు మొదలవుతుంది. దేవతలుండే తోపులు, మందుమొక్కలున్న చోట్లు పటంలో చూపించాలా వద్దా అన్నది వాళ్ళిష్టం.

ఇక ఉప్పూ కారం పాళ్ళు, అంటే అడవి నుంచి ఎంత, ఎలా తీసుకోవాలన్నది. తపసి చెట్టుకి గొడ్డలితో లోతుగా గాటు పెడితే జిగురు ధారగా కారుతుంది, చెట్టు చచ్చిపోతుంది. పదునైన కత్తితో బెరడు వరకే చిన్న గాటు పెట్టి, చెట్టుకి విరామమిస్తే ఏళ్ళ తరబడి ఇస్తుంది. జిగురు మట్టి అంటకుండా ఉంటే ధరా ఎక్కువే. కొండతేనె పట్టులో తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న భాగం వదిలేయాలి. ఇలాంటి కట్టుబాట్లు గ్రామసభ పెట్టుకుంటేనే నిలుస్తాయి.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే ఆదివాసులున్నారు. పూర్వం రాలిన ఎండాకు మీద పల్చగా నిప్పు పెట్టేవాళ్ళు. అటవీశాఖ మాన్పించింది. ఆ తర్వాత ఉసిరిచెట్లకి బదనిక పట్టింది. బదనికంటే చెట్టుకొమ్మ మీదే పెరిగి దాని సారం పీల్చే మొక్క. నిప్పు ఆపడం వల్లే బదనిక పెరిగిందని సోలిగలు చెప్పారు. శాస్త్రవేత్తలు ఆ మాట చెవిన పెట్టి పరిశీలించింది తర్వాతెప్పుడో. 2011లో అక్కడి సోలిగలకి అడవి మీద సామూహిక హక్కులు దక్కాయి. పులుల రక్షిత ప్రాంతంలో అలా దక్కడం దేశంలో అదే మొదలు. చంటీ, ఇది చదివి అగ్గిపెట్టె జోలికి మాత్రం వెళ్ళకు! ఎప్పుడు, ఏ గాలికి పెట్టాలో తెలిసినవాళ్ళ పని అది.

ఆవకాయలో తడి చెయ్యి పడితే బూజు. ఇక్కడ తడి చెయ్యి తొందర. ఏడాది తిరిగేలోగా ఇన్ని మొక్కలు చూపించాలని నీలగిరీ టేకూ వరసలుగా నాటేస్తారు. ఫోటోలో బాగుంటాయి. ఇప్పా ఉసిరీ అడ్డతీగా ఉన్న కొండని చదును చేసి నాటితే, నువ్వు చూసిన ఆవిడకి మోపెక్కడిది? మన రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు మొదలైనప్పుడు ఉద్దేశం మంచిదే, కానీ కొన్నిచోట్ల పోడు భూముల్లోనే మొక్కలు నాటడంతో అన్నం పెట్టే నేల పోయింది.

మూడో రోజు నాయనమ్మ ఆవకాయ తిరగ కలిపి ఉప్పు చూస్తుంది కదా, అడవికీ అంతే. పది మీటర్ల చదరంగా తాడు కట్టి, మోకాలెత్తు మొలకలెన్నో లెక్కపెట్టాలి. వానలకి ముందోసారి, వెనకోసారి, ఏటా అదే చోట. చెట్ల నిండా కాయలుండి కింద మొలకలు లేవంటే, కాయలన్నీ మనమే ఏరేస్తున్నామో, మేకలు మేసేస్తున్నాయో చూసుకోవాలి. ఆ లెక్కల పుస్తకం గూడెంలోనే ఉండాలి. నడిపించినవాళ్ళకీ లెక్కపెట్టినవాళ్ళకీ కూలి ఆ రోజే ఇవ్వాలి. ఏరేది ఆడవాళ్ళయితే ఖాతా కూడా వాళ్ళ పేరనే ఉండాలి.

ఇంతకీ అడవికి వాసెన కట్టి అటక మీద పెట్టలేం కాబట్టి నా పోలిక ఇక్కడితో ఆపేస్తాను.

మా చిన్నప్పుడు పెళ్ళి భోజనమంటే అడ్డాకు విస్తరే. వేడన్నం పడగానే లేచే ఆ వాసన ప్లాస్టిక్ పళ్ళేలకి లేదు. ఆదివారం మీ నాన్నతో పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఒక కట్ట అడగండి. ఆకు ఆవు గిట్టలా మధ్యకి చీలి ఉంటుంది. తిరగేసి, ఎన్ని ఆకులు కలిపారో, ఎన్ని పుల్లలు గుచ్చారో లెక్కపెట్టి, ఒక పుల్ల లాగి చూసి, మళ్ళీ కుట్టగలరేమో ప్రయత్నించి రాయండి.

మీ
తాతయ్య