రైతులకు నీటి పాఠాలు: అపోహలు - వాస్తవాలు

కరవు పల్లెల్లో భూగర్భజలాల మీద రైతులతో కలిసి పనిచేస్తాను. ఈ పని గురించి తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: రైతులకు అవగాహన లేదు, చెబితే మారతారు.

వాస్తవం: అప్పు తెచ్చి మూడు బోర్లు వేసి మూడూ ఎండిన రైతుకు నీళ్ల విలువ మనం చెప్పాలా? ఆయన దగ్గర లేనిది లెక్క. ఈ ఏడు ఊరి కిందికి ఎంత నీరు దిగింది, అందరూ కలిసి ఎంత తోడబోతున్నారు అన్నది ఏ ఒక్కరి బోరులోనూ కనపడదు. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అండతో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు, అంటే రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు, ఈ లెక్కనే రైతుల చేతికిచ్చింది. అనంతపురం, నల్గొండ సహా ఏడు కరవు జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, నలుగురూ చూసేలా బోర్డు మీద రాశారు. రబీ పంట వేయకముందే కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలన్నది మాత్రం ఎవరికి వారే తేల్చుకున్నారు.

అపోహ: చదువు రానివాళ్లకు ఈ లెక్కలు ఎక్కవు.

వాస్తవం: ఎకరమంతా 1 మిల్లీమీటరు ఎత్తున నీరంటే సుమారు 4 వేల లీటర్లు. ఒక పంట వరికి 1,200 మి.మీ. అనుకుంటే 48 లక్షల లీటర్లు, వేరుశనగకు 500 అనుకుంటే 20 లక్షలు. లక్షకో గులకరాయి చొప్పున నేల మీద రెండు కుప్పలు పోస్తాం. అవి చూడగానే ముందుగా ఆడవాళ్లే తమ పొలం లెక్క మొదలుపెడతారు.

అపోహ: బడి పిల్లలకు చెబితే చాలు.

వాస్తవం: పిల్లలకు చెప్పాల్సిందే. పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కానీ ఈ రబీకి ఏం వేయాలో తేల్చేది వాళ్లు కాదు.

అపోహ: ఒకసారి నేర్పితే ఊళ్లో నిలిచిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ప్రాజెక్టు ముగుస్తుంది. కొలిచే టేపు తెగితే కొత్తది తెచ్చేవాళ్లుండరు. కొలిచే కుర్రాడు పనికోసం బెంగళూరు వెళ్లిపోతాడు. రెండేళ్లు వానలు బాగా పడితే ఇక కొలవాలని ఎవరికీ తోచదు. పైగా కరెంటు ఉచితం, వరికేమో కొనేవాళ్లున్నారన్న ధీమా. వీటన్నిటినీ ఒక్క అవగాహనే గెలవాలంటే ఎలా? అందుకే ఎక్కడికి వెళ్లినా నేను అడిగేవి మూడే: పంచాయతీ దగ్గర ఒక టేపు, కొలిచే మనిషికి నెలనెలా కొంత డబ్బు, ఏటా రబీకి ముందు నీటి లెక్క కోసం గ్రామసభలో ఒక పూట.