నలభై తీగల మీద నిలబడ్డ బండి

ఇంటర్ రెండో ఏడాది పిల్లవాడొకడు క్లాసు అయిపోయాక నా వెనకాలే పార్కింగ్ దాకా వచ్చాడు. "సార్, మీ బుల్లెట్టు చక్రంలో ఉన్నవి సన్న తీగలే కదా. తీగను లాగితే ఆగుతుంది, నొక్కితే వంగిపోతుంది. మరి బండి బరువు దేని మీద నిలబడుతోంది?"

పాఠంలో లేని ప్రశ్న అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో తగులుతారు. వాళ్లకు సిలబస్ గుర్తుచేసి ఇంటికి పంపేస్తే అంతకు మించిన పాపం లేదు. అయినా జవాబు అప్పుడే చెప్పలేదు. శనివారం సాయంత్రం బైరాగిపట్టెడలో మా మెకానిక్ దగ్గరికి రమ్మన్నాను. ఆ రోజు నా వెనక చక్రం కట్టించుకోవాలి.

కట్టించుకునే అవసరం నా తొందరపాటు వల్లే వచ్చింది. నాన్న నడిపిన పాత 350 అది. వెనక రిమ్ము తుప్పు పట్టి పొరలు లేస్తుంటే కొత్తది కొన్నాను. ఆ ఉత్సాహంలో పాత స్పోకులన్నీ రంపంతో కోసి పారేశాను. కోసే ముందు రిమ్ము హబ్‌కు, అంటే చక్రం మధ్య దిమ్మకు, సరిగ్గా నడిమధ్యలో ఉందా, ఒక పక్కకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందా అని కొలిచి రాసుకోవాలి. రాసుకోలేదు. మెకానిక్ పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, "ఏం సామీ, కొలత తీసుకోకుండానే కోసేస్తివా? ఇప్పుడు చైను సూటి ఎట్ట తెలుస్తాది?" అన్నాడు. ముందు చక్రాన్ని ఆనవాలుగా పెట్టుకుని, రెండు చక్రాల పక్కగా దారం లాగి ఆ లెక్క తేల్చడానికి ఆయనకు గంట పట్టింది.

ఇక పిల్లవాడి ప్రశ్న.

ఎద్దుల బండి చక్రంలో ఈ చిక్కు లేదు. దాని ఆకులు లావుపాటి కర్రలు, నొక్కుడు తట్టుకుంటాయి. చక్రం కన్నా కొంచెం చిన్నదిగా చేసిన ఇనుప కట్టును పిడకల మంటలో కాల్చి, వేడిగా ఉండగానే తొడిగి, నీళ్లు గుమ్మరిస్తారు. ఐదడుగుల చక్రానికి కట్టు చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. నాలుగు వందల డిగ్రీలు వేడెక్కితే ఇనుము రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. చల్లారగానే ఆ రెండు సెంటీమీటర్లనూ వెనక్కి అడుగుతుంది. ఆకులన్నీ మధ్య దిమ్మలోకి కూరుకుపోతాయి. అంటే బరువు ఎక్కకముందే ఆకులు నొక్కుడులో ఉన్నాయి.

బుల్లెట్టు చక్రంలో ఇదే యుక్తి, తిరగేసి. బరువు ఎక్కకముందే తీగలన్నీ లాగుడులో ఉంటాయి. ఇందులోని మతలబు అర్థం కావాలంటే ఒక ఆట ఊహించుకోండి. బడి మైదానంలో ఒక గుంజ నిలబెట్టి నలభై తాళ్లు కట్టాం. నలభై మంది పిల్లలు చుట్టూ వలయంగా నిలబడి తలా ఒక తాడు ఒకే బలంతో లాగుతున్నారు. గుంజ కదలదు. ఇప్పుడు దక్షిణం వైపున్న నలుగురు కాస్త సడలించారనుకోండి, గుంజ ఉత్తరానికి వంగుతుంది. దాన్ని ఎవరూ తోయలేదు. తాళ్లతో తోయడం ఎవరి తరమూ కాదు. అయినా దక్షిణం నుంచి తోసినట్టే అయింది.

చక్రంలో జరిగేది ఇంతే. హబ్ ఆ గుంజ, నేల దక్షిణం. బరువు పడగానే నేల దగ్గర రిమ్ము రవ్వంత లోపలికి నొక్కుకుంటుంది. అక్కడి నాలుగైదు స్పోకుల లాగుడు తగ్గుతుంది. పైనున్న స్పోకులు బరువంతా మోస్తూ మరింత బిగుసుకుంటాయని చాలామంది అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేవాణ్ణి. కొలిచి చూస్తే వాటి టెన్షన్ దాదాపు మారదు. వంద కిలోల లాగుడు అరవైకి తగ్గిన కింది స్పోకు, నలభై కిలోలు పైకి ఎత్తినట్టే లెక్క. బాకీ తగ్గడం కూడా ఆదాయమే అని మా అమ్మ అనేది.

ఆటను ఇంకొంచెం సాగదీద్దాం. దక్షిణం పిల్లలు మొదటి నుంచీ బద్ధకంగా లాగుతున్నారనుకోండి. వాళ్లు సడలించడానికి చేతిలో ఏముంది? తాడు వేలాడిపోతుంది. అక్కడి నుంచి వాళ్లు ఉన్నా లేనట్టే. వదులు స్పోకుల చక్రం గుంతలో పడితే రిమ్ము చదునెక్కేది ఇందుకే. బిగుతు స్పోకు కన్నా వదులు స్పోకు ముందు తెగడానికీ ఇదే మూలం. 19 అంగుళాల రిమ్ము, దాని మీద టైరు కలిపి చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. అరవై వేగంలో చక్రం సెకనుకు ఎనిమిది సార్లు తిరుగుతుంది. ప్రతి స్పోకూ సెకనుకు ఎనిమిది సార్లు సడలి, ఎనిమిది సార్లు బిగుస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు చేరేసరికి ముప్ఫై వేలు దాటుతుంది. పూర్తిగా వదులైపోయే స్పోకు ప్రతిసారీ తల దగ్గరి వంపులో కదులుతుంది. తీగను అటూ ఇటూ వంచి తుంచడం అందరం చేసిందే.

బ్రేకు దగ్గర ఆట ఇంకా బాగుంటుంది. భాకరాపేట ఘాట్ దిగుతూ వెనక బ్రేకు తొక్కితే ఆగేది హబ్‌లోని డ్రమ్ము. టైరు ఇంకా తిరగాలనే చూస్తుంది. స్పోకులన్నీ కేంద్రం నుంచి తిన్నగా బయటికి పోతే ఈ మెలికను ఆపలేవు, హబ్ లోపల కొంత తిరిగాక గానీ తీగలు పట్టుకోవు. అందుకని తాళ్లను గుంజ నడిమికి కాకుండా దాని అంచును ఒరుసుకుపోయేలా ఏటవాలుగా కట్టాలి. ఇరవై మంది గుంజను కుడికి తిప్పే వాటంలో, ఇరవై మంది ఎడమకు తిప్పే వాటంలో. బ్రేకు తొక్కితే ఒక ఇరవై బిగుస్తాయి, రెండో ఇరవై సడలుతాయి. ఇంజను లాగితే దీనికి తలకిందులు. చక్రంలో స్పోకులు ఒకదాన్నొకటి దాటుతూ అల్లుకుని ఉండేది అందం కోసం కాదు. తీగ చక్రం ఆలోచన 1808 నాటికే ఇంగ్లండులో జార్జ్ కేలీకి తట్టింది, ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావాలని. ఈ ఏటవాలు అల్లికకు సైకిళ్ల కోసం 1874లో పేటెంటు తీసుకున్నవాడు కోవెంట్రీకి చెందిన జేమ్స్ స్టార్లీ.

అల్లిక గురించి పెద్దగా చెప్పను, చేతికే అలవాటు కావాలి. పది పది చొప్పున నాలుగు వరసలు. మొదటి రెండూ దూర్చి, హబ్‌ను కాస్త తిప్పి, తర్వాతి రెండూ. ఒక రంధ్రం తప్పితే చివరి పదీ ఎక్కవు, మొదటికి రావాల్సిందే.

అసలు విద్య బెండు తీయడంలో ఉంది. పక్కలకు ఊగితే బెండు, పైకీ కిందికీ ఎగిరితే జంపు అంటాడు పెద్దాయన. పాత బ్రిటిష్ కొలతల స్పోకు మీద అంగుళానికి 40 మరలు. రిమ్ము దగ్గర స్పోకును బిగించే చిన్న నట్టు నిప్పిల్. దాన్ని ఒక చుట్టు తిప్పితే 0.635 మిల్లీమీటరు. మూడుంపావు మిల్లీమీటర్ల మందం, పద్దెనిమిది సెంటీమీటర్ల పొడవున్న స్టీలు తీగను వంద కిలోల బలంతో లాగితే సాగేది 0.1 మిల్లీమీటరే. అంటే రిమ్ము అసలు కదలకపోతే, చుట్టులో ఆరో వంతు తిప్పగానే స్పోకు మీద వంద కిలోలు ఎక్కేస్తాయి! నిజానికి రిమ్ము కొంత లొంగుతుంది, పక్క స్పోకులు కొంత సడలుతాయి, అంత ఎక్కదు. అయినా పెద్దాయన పావు చుట్టు తిప్పి చేయి తీసేసేది ఎందుకో అప్పుడు నాకు తెలిసింది. రిమ్ము కుడికి వస్తే అక్కడ కుడి స్పోకులు పావు వదులు, ఎడమవి పావు బిగువు. జంపు ఉంటే రెండు వైపులవీ కలిపి బిగువు. ఫోర్కుకు కట్టిన వంకర తీగ ముక్కే ఆయన కొలబద్ద. తీగకూ రిమ్ముకూ మధ్య వెలుతురు సమంగా కనబడేదాకా, గంటన్నర.

కాణిపాకంలో వాహన పూజలు చేయిస్తారు. నిమ్మకాయలు టైరు కింద పెట్టి తొక్కించడం ఎన్నోసార్లు చూశాను. నిమ్మకాయతో నాకు తగువు లేదు. దాన్ని చిదిపేటప్పుడు కూడా కింది నాలుగు స్పోకులే సడలుతాయి. పూజకు ముందు వాటిని ఒకసారి మీటి చూసుకునేవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూడలేదు.

మీటడమంటే మీటడమే, వీణ తీగలాగా. టెన్షన్ నాలుగింతలైతే శ్రుతి రెట్టింపవుతుంది. చక్రం ఎక్కించాక బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి పిల్లవాడి చేత వెనక స్పోకు ఒకటి మీటించాను. టింగ్. ఆ స్పోకు నేల వైపు ఉండేలా బండి దించి, నేనూ పెద్దాయనా ఎక్కి కూర్చున్నాం. మళ్లీ మీటాడు. స్వరం దిగింది. పైదాన్ని మీటాడు, తేడా లేదు. వాడి ముఖం చూసి పెద్దాయనకు నవ్వొచ్చింది.

కొత్త స్పోకులు కొన్నాళ్లకు తమ గుంటల్లో సర్దుకుని కాస్త వదులవుతాయి. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకెళ్లాను, పిల్లవాడూ వచ్చాడు. పెద్దాయన స్పానరుతో వరసగా తట్టుకుంటూ పోయాడు. మూడు డబ్బుమన్నాయి, మూడూ పావు చుట్టు బిగించాడు. "తాతా, ఇదీ వదులే, మీరు చూడలేదు" అని పిల్లవాడు నాలుగోది చూపించాడు. పెద్దాయన ఆ స్పోకు పక్కదాన్ని దాటే చోట వేలు దూర్చి రెంటినీ విడదీసి పట్టుకున్నాడు. "ఇప్పుడు కొట్టు నాయనా."

టింగ్‌మంది.